గింజ పట్టిన గరిక

రూత్ అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే. ఏదో ఒకనాడు తను చేతులు చాపితే బిడ్డ వెనక్కి జరుగుతదని.

పోయిన వారం మనం ఆమెను ఎల్లారెడ్డి అవతల గడ్డి మడుల గట్టు మీద వదిలిపెట్టి వచ్చినం. ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. రూత్ భర్త జోయల్ వరికోత మిషను నడుపుతాడు. కోతలు ఎటు సాగితే మిషను అటు, మిషను ఎటు పోతే జోయల్ అటు. ఇప్పుడు కర్ణాటకలో ఎక్కడో ఉన్నాడు. రూత్ పనిచేసేది నిహారిక మేడం దగ్గర. నిహారిక అక్కడి పెద్ద రైతుల బిడ్డ. గడ్డి మీదనే పెద్ద చదువు చదివి వచ్చి, తండ్రి పొలంలో రకరకాల గరికలు పెంచుతున్నది. పశువుల మేతకు కాదు, పిల్లలు ఆడే మైదానాలకు. ఎండకాలం మాడిపోకుండా, మెత్తగా, గుబురుగా, పరుగెత్తే పిల్ల పడ్డా మోకాలు చెక్కుకపోని పచ్చిక ఆమెకు కావాలి.

అంత మెత్తటి గరికలు లేక కాదు. ఉన్నయి. కానీ వాటికి గింజ పట్టదు. చాపల లెక్క కోసి లారీల మీద తెచ్చి పరుచుకోవాల్సిందే, ఆ భాగ్యం ఏ సర్కారు బడికి ఉంటది? గింజ బాగా పట్టే గరికలేమో ముతకవి, ఉత్త కాళ్లతో నడిస్తే గుచ్చుకుంటయి. మెత్తదనమూ గింజా రెండూ ఒక్క మొక్కలో రావాలని నిహారిక ఏండ్లుగా ఒకదాని పుప్పొడి ఇంకోదాని మీద పడేసి చూస్తున్నది. గరికకు తన పుప్పొడి తనకు పనికిరాదు. వేరే గరిక అదే పొద్దున పూసి పక్కన ఉంటేనే గింజ. అందుకని సూర్యుడు పొడిచే వేళకు రూత్ ఒక మడిలో కంకులను కాగితం సంచిలోకి దులిపి, ఇంకో మడి మీద మెల్లగా చల్లేది. పని ముగిసేసరికి కొంగు, చేతులు, వెంట్రుకలు అన్నీ పసుపు పచ్చ.

ఆ పుప్పొడే ఆమె బిడ్డ షారోనుకు పడలేదు. నాలుగో ఏడు నడుస్తున్న పిల్ల. గడ్డి పూతకు వచ్చినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు. పూతకు దూరంగా ఉంచమని కామారెడ్డి డాక్టరు చెప్పినంక అత్త సాలవ్వ వచ్చి మనవరాలిని దోమకొండకు తీసుకపోయింది. రూత్ మాత్రం ఎల్లారెడ్డిలో గోదాము పక్క గదిలో ఒక్కతే మిగిలింది.

ఇక పోయిన వారం భాగంలో చదివింది మీకు తెలుసు. నిహారిక తనే పుట్టించి, అన్నిటికన్నా ఆశ పెట్టుకున్న మెత్త గరిక మడులను, కలుపు తీయడానికి కొత్తగా వచ్చిన భూదవ్వ గుంపు వేర్లతో సహా పెరికి గట్టు మీద ఎండేసింది. ఇదేం పని అని అడిగితే భూదవ్వ నిజంగానే ఆశ్చర్యపోయింది. "గరిక గాకుంటె కలుపేంది బిడ్డా?" అన్నది. ఆమెను ఏమనగలరు? గరిక కనబడితే పెరకాలనే ఆ చేతులకు పుట్టినప్పటి నుంచి తెలుసు. మట్టిలో మిగిలిన ముక్కలు మళ్లీ మొలకెత్తినా పక్క మడి గరికతో కలిసిపోయి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. నిహారిక పొద్దుమూకేదాకా ఆ ఎండిన కుప్ప పక్కనే కూర్చున్నది.

రెండు ఆదివారాలు గడిచి మూడోది వచ్చింది.

గదిలో రూత్ పొద్దున్నే లేచి పొయ్యి మీద బియ్యం పెట్టింది. ఒక్కదానికి వండుకోవడం ఆమెకు ఇంకా చేతకాలేదు. చెయ్యి దానంతటదే ఇద్దరికి పోస్తది, సాయంత్రానికి సగం అన్నం మిగులుతది. గోడకు షారోను చిన్న పళ్లెం ఆనించి ఉన్నది. దాన్ని సంచిలో పెట్టి పంపిద్దామని ఎన్నోసార్లు అనుకున్నది, పెట్టలేదు. జోయల్‌కు ఫోన్ చేస్తే వెనుక మిషను మోత తప్ప మాట వినిపించలేదు. బిడ్డతో వీడియోలో మాట్లాడదామంటే ఆ పిల్ల ఫోన్ పట్టుకొని ఉరుకుతది, ఇంటి కప్పు, కోడి, సాలవ్వ చెంపలో సగం కనిపిస్తయి.

మడులు పోయిన గొడవలో రెండు ఆదివారాలు పోవడానికి వీలు పడలేదు. అందుకే ఈసారి మొదటి బస్సుకే ఎక్కింది. ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ తీసుకొని కిటికీ పక్కన కూర్చున్నది. కామారెడ్డి బస్టాండులో ఉస్మానియా బిస్కెట్లు కొన్నది. దోమకొండ బస్సులో పక్కన కూర్చున్న ఆమె ఎటు పోతున్నవని అడిగితే, బిడ్డ దగ్గరికి అని చెప్పింది. ఆ మాట చెప్పుకోవడానికి ఎవరో ఒకరు అడగడమే ఆమెకు పండుగ.

సాలవ్వ ఇల్లు బోరింగ్ పక్కనే. నీలం తలుపు. బోరింగ్ నీళ్లు పారే కాలువ అంచున రెండు చాపలంత మేర పచ్చిక, చుట్టూ ముండ్ల కంప. ఆ పచ్చిక రూత్ పెట్టిందే. ఒకనాడు మెత్త గరిక మడిని మిషనుతో కత్తిరించినంక ఊడ్చి పారేసిన తీగలను తడిగుడ్డలో చుట్టుకొని వచ్చి నాటింది. నేల మీద తన బిడ్డ మెత్తగా కూర్చోవాలని ఆశ. పూత భయం ఆమెకు కలగలేదు. ఎల్లారెడ్డిలో ఆ గరికను పొట్టిగా కత్తిరిస్తూనే ఉండేవాళ్లు, పూసేదే కాదు. విత్తనం కోసం వదిలిన చిన్న మడిలో పెట్టిన నాలుగు కంకులూ తాలే, ఒక్క గింజ లేదు. అంత అమాయకపు గడ్డి ఏం చేస్తదని అనుకున్నది. ఇక ఆదివారం వచ్చినప్పుడు ఆ పచ్చిక మీదనే కూర్చోబెట్టుకొని బిడ్డకు అన్నం తినిపించేది. వారమంతా గడ్డిని చూసి చూసి వచ్చే మనిషి, ఆ కాసేపు బిడ్డ మొఖం చూసుడే తప్ప గడ్డి దిక్కు చూసింది లేదు.

కంప దాటి వాకిట్లోకి అడుగు పెట్టింది. షారోను గడపలో నిలబడి ఉన్నది. రూత్ సంచి కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చొని, రెండు చేతులూ చాపింది.

పిల్ల వెనక్కి జరిగింది.

ఒక్క అడుగే. జరిగి బాపమ్మ సాలవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకొని, అక్కడి నుంచి తల్లిని చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

"అమ్మ వస్తె దగ్గు వస్తది."

రూత్ చేతులు అట్లనే ఉన్నయి. ఇన్నాళ్లూ ఈ క్షణం ఏ పెద్ద గొడవలోనో, ఏ ఏడుపు మధ్యనో వస్తదనుకున్నది. ఎండ పడుతున్న వాకిట్లో, కోడి గింజలు ఏరుకుంటుంటే, ఇంత మామూలుగా వస్తదనుకోలేదు.

సాలవ్వ ముందుకు వచ్చి అడ్డం నిలబడింది. తడక చాటున నీళ్లు పెట్టి ఉంచానని, తానం చేసి, తల రుద్దుకొని, తన చీర కట్టుకున్నంకనే బిడ్డను ముట్టాలని చెప్పింది. ఆమె గొంతు మెత్తగానే ఉన్నది. అదే రూత్‌కు ఎక్కువ తగిలింది.

"సచ్చినోళ్లను మట్టి చేసి వచ్చిన్నా అత్తమ్మా నేను? గడప బయట తానం చెయ్యనీకె?"

"నువ్వెట్లన్న అనుకో పిల్లా. నువ్వు వచ్చిపోయిన రాత్రల్ల దానికి పిల్లికూతలే. నువ్వు బస్సెక్కి పోతవు. తెల్లారేదాక దాని వీపు నిమిరేది నేను."

ఇంకా చాలా అన్నది సాలవ్వ. ఆ పసుపు దుమ్ము చీర మడతల్లో ఉంటదని, జడలో ఉంటదని, తల్లి ముద్దులో కూడా ఉంటదని అన్నది. డాక్టరు దూరం పెట్టమన్నది గడ్డినే కానీ గడ్డి మనిషి రూపంలో నడిచి వస్తే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదన్నది. చివరికి, ఆ కూలి మానేసి వచ్చి ఇక్కడ ఉండు, లేకుంటే నెలకోసారి రా, అన్నది. రూత్ సంచి అక్కడే వదిలి తడక చాటుకు పోయింది.

నీళ్లు గోరువెచ్చగా ఉన్నయి. అత్త పొద్దున్నే కాగబెట్టి ఉంటది. పక్కన రాయి మీద కొత్త షాంపూ పాకెట్, మడతపెట్టిన పాత చీర. అవమానించే మనిషి ఇంత ముందు చూపుతో నీళ్లు కాగబెట్టదని రూత్‌కు తెలుసు, అయినా కండ్లల్లో నీళ్లు ఆగలేదు. తల రుద్దుకున్నది. ఎంత రుద్దినా ఇంకా ఉన్నట్టే అనిపించి మళ్లీ రుద్దుకున్నది. గోళ్ల సందులు గీరుకున్నది. తన ఒంటి వాసనను బిడ్డ కోసం తనే ఊడబెరుక్కుంటున్నట్టు ఉన్నది. సాలవ్వ చీరకు జర్దా వాసన. అది చుట్టుకొని కొంగు దోపుకుంటుంటే తడక అవతల దగ్గు వినిపించింది.

మొదట చిన్నగా. తర్వాత ఆగకుండా. దగ్గుకూ దగ్గుకూ మధ్య సన్నటి ఈల.

రూత్ బయటికి ఉరికింది. షారోను పచ్చిక మీద బోర్లా పడుకొని ఉన్నది, చెంప గడ్డికి ఆనించి. ఆదివారం అమ్మ ఎక్కడ కూర్చుంటదో ఆ పిల్లకు తెలుసు. దగ్గరికి రానియ్యని అమ్మ కోసం, అమ్మ వచ్చి కూర్చునే జాగలో కాచుకొని ఉన్నది.

చాయ గిన్నె చేతిలో పట్టుకొని సాలవ్వ గడపలో నిలబడిపోయింది. రూత్ ఇంకా బిడ్డను ముట్టలేదు. రూత్ విడిచిన చీర తడక మీదనే ఉన్నది. అత్తాకోడళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఇద్దరి చూపూ ఒక్కసారే కిందికి దిగింది.

పచ్చిక నిండా కంకులు లేచి ఉన్నయి. పిట్ట కాలి వేళ్ల లెక్క విచ్చుకొని, ఒక్కో వేలికి ఊదారంగు సన్నటి పోగులు వేలాడుతున్నయి. షారోను చెంప మీద, గౌను మీద ఆ పసుపు దుమ్ము.

"నీ చీర గాదా అయితే?" అన్నది సాలవ్వ, తనలో తను అన్నట్టు.

డాక్టరు ఇచ్చిన పంపు తెచ్చి పిల్ల నోటికి పెట్టి నొక్కింది. ఈల కొంచెం తగ్గింది కానీ పోలేదు. కామారెడ్డికి పోక తప్పదని ఇద్దరికీ అర్థమైంది. ఆటో నడిపే యాకూబును పిలవడానికి సాలవ్వ వీధిలోకి పోయింది. రూత్ బిడ్డను ఎత్తుకొని, పచ్చికకు దూరంగా, గాలికి ఎదురుగా నిలబడింది. షారోను ఈసారి వెనక్కి జరగలేదు. జరిగే ఓపిక లేదు. పిడికిట్లో పట్టుకున్న కంకులను తల్లి అరచేతిలో పెట్టింది, ఎన్ని ఆదివారాల కానుకో అన్నట్టు.

గడ్డి పనిలో ఉన్న చెయ్యి ఊరికే ఉండదు. బొటనవేలు దానంతటదే ఆ కంకులను నలిపింది. నోరు దానంతటదే ఉఫ్ అని ఊదింది. పొట్టు ఎగిరిపోయింది. అరచేతి గీతల్లో గింజలు మిగిలినయి. పచ్చిపచ్చివి కొన్ని, ముదిరినవి కొన్ని. ఇసుక కన్నా కొంచెం పెద్దవి. నిండుగా.

ఇది మెత్త గరిక. తాలు తప్ప ఎన్నడూ పెట్టని గరిక. చుట్టూ చూసింది. కాలువ పొడుగునా, బాట అంచున, గోడ మొదట్లో ఊరి గరిక. ఎవరూ నాటనిది, అందరూ తొక్కేది. ఇది పూసిన పొద్దునే అదీ పూసింది. ఎల్లారెడ్డిలో ఎన్నెన్ని జాతుల్ని పక్కన పెట్టినా కుదరని జత ఈ బోరింగ్ నీళ్ల దగ్గర కుదిరింది. నిహారిక మేడం ఏండ్లుగా వెతుకుతున్నది ఇదే. ఎల్లారెడ్డిలో మడులు పోయినయి గనక ఇప్పుడు లోకంలో మిగిలిందీ ఇదే.

సాలవ్వ తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో పార ఉన్నది.

"ఆడ పడుతలేదని బిడ్డను ఈడికి తెస్తి. దాని వెనుకనే గడ్డిని కూడ తెస్తివా?" అన్నది. రూత్ తల వంచుకున్నది. సాలవ్వ అక్కడితో ఆగితే బాగుండు, ఆగలేదు. గొంతు మారింది. "నీళ్లు పోసింది నేనే. మేకలు మెయ్యకుంట కంప పెట్టింది నేనే. అమ్మ గావాలని ఏడిస్తే పొద్దుమూకినంక దీని మీదనే కూసోబెట్టి, అమ్మ ఈడనే ఉన్నది చూడు అని చెప్తుంటి. నిన్ను తానం చెయ్యమంటి గాని దీన్ని అనుమానించకపోతి."

రూత్‌కు ఒక మాట గొంతు దాకా వచ్చింది. ఆగు అత్తమ్మా, కొన్నాళ్లు ఆగు, గింజ ముదరనీ, బిడ్డను అప్పటిదాక ఇంకెక్కడన్న ఉంచుదాం. ఎక్కడ? ఎల్లారెడ్డిలో గదికి నాలుగు దిక్కులా గడ్డే. మాచారెడ్డిలో తల్లిగారిల్లు తల్లితోనే పోయింది. చెవి పక్కన బిడ్డ ఊపిరి సన్నగా ఈల వేస్తున్నది. బాట మీద ఆటో వచ్చి ఆగింది. షారోను జారిపోతుంటే రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. పట్టుకోవాలంటే పిడికిలి విప్పాలి. విప్పింది.

"తవ్వెయ్ అత్తమ్మా. వేరు మిగలకుంట తవ్వెయ్."

సాలవ్వ ఆటో దాకా వచ్చింది. తను రానని, ఈ పని అయ్యేదాకా తనకు నిమ్మళం ఉండదని చెప్పింది. పిల్ల కాలిని ఒకసారి పట్టుకొని వదిలింది. మళ్లీ ఎప్పుడు తీసుకొస్తవని అడిగింది. ఆ అడగడంలో ఎంత భయం ఉన్నదో రూత్ గమనించలేదు. తానం మాట ఇంకా లోపల కుట్టుకుంటూనే ఉన్నది. చూద్దాం, అన్నది అంతే. ఆటో కదిలినంక వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కామారెడ్డి దవాఖానలో పిల్ల మొఖానికి ఆవిరి మాస్కు పెట్టిన్రు. బల్ల మీద రూత్, ఒడిలో షారోను. పొగ లెక్క మందు, గుర్రుమని మిషను. ఇంకో బల్ల మీద ఎవరిదో కుటుంబం, టిఫిను డబ్బా విప్పుకొని అందరూ ఒకేసారి మాట్లాడుతున్నరు. రూత్ వాళ్లనే చూస్తూ కూర్చున్నది. మెల్లమెల్లగా బిడ్డ పక్కటెముకల ఎగపోత తగ్గింది. ఈల ఆగింది. మాస్కు తీసినంక షారోను చీర కొంగు మొఖం మీదికి లాక్కొని, వాసన చూసి, తల్లి ఛాతీకి గట్టిగా కరుచుకున్నది.

"బాపమ్మ," అన్నది నిద్ర మత్తులో.

రూత్ ఆ మాటను దిద్దలేదు. వీపు నిమురుతూ ఉండిపోయింది.

అప్పుడు నిహారిక ఫోన్ చేసింది. ఆమె గొంతు అలిసిపోయి ఉన్నది. మొదట బిడ్డను అడిగింది, బాగైందంటే సంతోషపడ్డది. తర్వాత చెప్పింది: నాన్నతో మాట్లాడిందట, ఈ పంటతో మడులన్నీ దున్నేసి పొలం మక్కజొన్నకు ఇచ్చేద్దామనుకుంటున్నదట. నీ కష్టం కూడా పోయింది, నన్ను క్షమించు అన్నది. ఫోన్ పెట్టేసేదే. పెట్టలేదు.

"ఒక్క మాట రూతూ. ఆ మెత్త గరిక ఎక్కడన్నా ఒక్క కాడ మిగిలిందా? నువ్వు ఊడ్చి పారేసిన తావున, గట్టు కింద, ఎక్కడన్నా?"

రూత్ ఒడిలోని బిడ్డను చూసింది. తన అరచేయి చూసుకున్నది. గింజలు ఎప్పుడో రాలిపోయినయి.

"మల్ల చేస్త మేడం," అని కట్ చేసి, సాలవ్వకు కలిపింది.

బిడ్డకు బాగైంది అత్తమ్మా, అని చెప్పాలి. పార ఆపు, అని చెప్పాలి. కంకులు ఇప్పుడు కోసేస్తే పూత ఉండదు, దుబ్బు బతుకుతది, ఒక్క దుబ్బు మిగిల్చినా చాలు, అని చెప్పాలి. నేను చూద్దాం అన్న మాట మనసులో పెట్టుకోకు, అనీ చెప్పాలి. వీటిలో ఏది ముందు చెప్తదో ఆమెకే తెలియదు. ఫోన్ మోగుతున్నది. ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ చేసింది. సాలవ్వ ఫోన్‌ను నడుముకు చెక్కుకోనిదే గడప దాటని మనిషి. మొదటి రింగుకే ఎత్తి, ఎవరూ అని గట్టిగా అరిచే మనిషి. బీపీ గోలీలు మింగే మనిషి. పొద్దున చాయ కూడా తాగకుండా ఎండలో పార పట్టింది. యాకూబుకు చేస్తే, తను కామారెడ్డి స్టాండులోనే గిరాకీ కోసం ఉన్ననని, మళ్లీ దోమకొండకు పోలేదని చెప్పిండు. రూత్ నిద్రపోయిన బిడ్డను భుజాన వేసుకొని దవాఖాన మెట్ల మీద నిలబడి మళ్లీ చేసింది. మోగుతూనే ఉన్నది.

మీలో దోమకొండ బస్సు ఎక్కేవాళ్లు ఎవరైనా ఉంటే, ఒక్క పని చేసి పెట్టండి. బోరింగ్ పక్కన నీలం తలుపు ఇల్లు. గడ్డి ఉన్నదా పోయిందా అన్నది తర్వాత చూద్దురు. ముందు ఆ ముసలామె ఎట్లున్నదో చూడండి. పార చేతిలో ఉంటే తీసి పక్కన పెట్టి, నీడకు కూర్చోబెట్టి, ఇన్ని నీళ్లు తాగించండి. బిడ్డకు ఊపిరి తేటపడ్డదని చెప్పండి. తల్లి ఛాతీ మీద నిద్రపోతూ నీ పేరే పలికిందని కూడా చెప్పండి.